కత్తి బల్ల మీద అత్తా అల్లుడు

ఇలాంటి జ్ఞాపకాలు మామూలుగా రిటైరయినవాళ్ళు రాస్తారు. దానికి పడక కుర్చీ, కళ్ళజోడు, చేతికందేంత దూరంలో మజ్జిగ గ్లాసు ఉండాలి. ఆ మూడింటిలో నాకు కళ్ళజోడు ఒక్కటే ఉంది. అయినా నేనూ రిటైరయినవాణ్ణే. మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీ మేనేజరు ఉద్యోగం నుంచి ముప్పై నిండకుండానే రిటైరయ్యాను. డిప్లొమా చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని నా వెనక బయటికి వస్తున్న కుర్రవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పనికిరాకపోతే నవ్వుకోండి. నేనూ అంతే చేస్తున్నాను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్త రోజులవి. మార్కాపురం అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉంది. కొత్త రాష్ట్రం వచ్చింది, ఊరూరా బడి పెడతారు, బడికి పోయే ప్రతి బిడ్డకూ పలక కావాలి. మా షావుకారు ఆలోచన ఇదీ. తరతరాలుగా వేరుశనగలూ కందులూ కొని అమ్మే ఇల్లు వాళ్ళది. ఫ్యాక్టరీ అన్న తర్వాత మేనేజరు అనేవాడు ఒకడుంటే అందంగా ఉంటుందని ఎవరో చెప్పినట్టున్నారు, గుంటూరు వైపు నుంచి నన్ను పిలిపించాడు. ఇంటర్వ్యూలో ఒకటే ప్రశ్న అడిగాడు.

"నీకు కోపం వస్తదా?"

"రాదండీ."

"అయితే కష్టమే. సర్లే, చేరు."

పాలిటెక్నిక్‌లో ఆఖరి సంవత్సరం ఫ్యాక్టరీ నిర్వహణ అని ఒక పేపరుండేది. అందులో నాకు మంచి మార్కులు వచ్చాయి. నా కొంప ముంచినవి ఆ మార్కులే. చేరిన మొదటి రోజే మూడు నియమాలు పెట్టాను. పనిలోకి వేళకు రావాలి. పని చేసేటప్పుడు మాటలుండకూడదు. నన్ను సార్ అనాలి. ఈ మూడోది ఎందుకంటే, ఆ ఊళ్ళో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. అన్నా, మామా, అత్తా, చిన్నాయనా అంటారు. టీ తెచ్చేవాడు కూడా గేట్లోనే నన్ను "ఏం బావా, కొత్తగా వచ్చినావా?" అని పలకరించాడు. వాడి అక్కచెల్లెళ్ళు ఎవరో నాకు తెలియదు. సార్ అంటే ఏ బంధుత్వమూ అంటదు, శుభ్రంగా ఉంటుందని అనుకున్నాను.

ఫ్యాక్టరీ పని మీకు అంతా అక్కర్లేదు. ఒక్క బల్ల గురించి తెలిస్తే చాలు. గని నుంచి వచ్చిన రాయిని పల్చటి రేకులుగా చీలుస్తారు. ఆ రేకును కత్తి బల్ల మీద ఒకరు పట్టుకుని తిప్పుతుంటే, ఎదురుగా కూర్చున్నవాళ్ళు కాలితో తొక్కుతారు. పైనుంచి కత్తి దిగి అంచు తెగుతుంది. రేకులో సన్నటి బీట ఉంటే పట్టుకున్నవాళ్ళకే ముందు కనబడుతుంది. వాళ్ళు ఆపమనాలి, తొక్కేవాళ్ళు ఆపాలి. లేకపోతే రేకు రెండు ముక్కలవుతుంది. ఆ తర్వాత నునుపు చేయడం, చెక్క చట్రం బిగించడం మామూలే. చివర ఒకామె కూర్చుని ప్రతి పలకనూ వేలితో తట్టి, మోత వినిపిస్తే కుడివైపు, బొంగురుపోతే ఎడమవైపు పెట్టేది.

ఆమె చెవి ఫ్యాక్టరీకి ఆస్తి. బయటి ఊళ్ళ నుంచి సరుకు కొనడానికి వచ్చే ఏజెంటు పెట్టెలు విప్పకుండానే "ఆమె తట్టిందేనా?" అని అడిగేవాడు. ఆమె భర్త గనిలో పనిచేసేవాడు. అతని తమ్ముడే మా మేస్త్రీ. మనుషుల్ని తెచ్చేదీ, ఏ బల్ల మీద ఎవరు కూర్చోవాలో చెప్పేదీ మేస్త్రీయే. అంటే ఫ్యాక్టరీ నడిపేది అతను. నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి.

కత్తి తొక్కేవాళ్ళలో బలమైన కాలు ఆమె అల్లుడిది. పెద్దదోర్నాల పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంటి నుంచి ఇల్లరికం వచ్చినవాడు. వాడి ఎదుట రేకు పట్టుకునేది మేస్త్రీ కొడుకు. వరసకు బావా బామ్మర్దులు. ఆ బల్ల దగ్గర రోజంతా ఇలా ఉండేది:

"ఏం బావా, కాలు లేస్తల్లే? మా అక్క తిండి పెట్టలేదా?"

"పెట్టిందిలేరా. నువ్వు దొంగతనంగా తిన్నది పోను మిగిలింది పెట్టింది."

"ఆపు, ఆపు! గుడ్డి నా బావా, బీట కనపడల్లే?"

"నీ మొహం చూసినాక కండ్లు ఇంగ పని చేస్తాయంట్రా?"

వీటిలో నేను రాయగలిగినవి ఇవే. మిగతావాటికి షెడ్డంతా విరగబడి నవ్వేది. ఆడవాళ్ళు కూడా నవ్వేవారు. నాకు మాత్రం ఇందులో క్రమశిక్షణ లోపం, సమయం వృథా, అసభ్య భాష అని మూడు తప్పులు కనిపించాయి.

అందుకని మనుషుల్ని బల్లల మీద కొత్తగా సర్దాను. నేను సర్దిన పద్ధతిలో తర్కానికి లోపం లేదు. ఇప్పటికీ అదే అంటాను. బీటను అందరికంటే బాగా కనిపెట్టే మనిషి ఎవరు? తట్టి చూసే ఆమె. మరి ఆమెను రేకు పగిలిపోయాక చివర కూర్చోబెట్టడం దేనికి? ముందే, కత్తి దగ్గరే కూర్చోబెడితే సరి. కత్తి తొక్కడంలో మొనగాడు ఎవరు? అల్లుడు. ఇద్దరు మొనగాళ్ళను ఒకే బల్ల మీద ఎదురెదురుగా వేశాను. మేస్త్రీకి చెప్పాను.

అతను నా మొహం వంక కాసేపు చూశాడు. "ఇద్దర్నీనా సార్?"

"ఇద్దర్నీ."

"ఎదురుబదురా?"

"అవును, ఏం?"

"ఏం లేదు సార్. మీరు చెప్పినట్టే," అని చుట్ట ముట్టించుకుని పోయాడు.

మర్నాడు షెడ్డులోకి వెళ్తే నాకు ఒళ్ళు పులకరించింది. ఒక్క మాట లేదు. కత్తి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. అల్లుడు తలకాయ పూర్తిగా దించుకుని తన పాదం వంకే చూస్తూ తొక్కుతున్నాడు. ఆమె నెత్తిన కొంగు కప్పుకుని, మొహం పక్కకు తిప్పుకుని, చేతులు మాత్రం బల్ల మీద ఉంచింది. మిగతా అందరూ ఆ బల్ల వైపు వీపు పెట్టుకుని పని చేస్తున్నారు. షావుకారు వచ్చి గుమ్మంలో ఆగి, "ఏం చేసినావయ్యా, గుళ్ళో ఉన్నట్టుంది!" అన్నాడు. నేను వినయంగా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రెండు మూడు రోజులకే ఆ బల్ల పక్కన పగిలిన ముక్కలు నడుము ఎత్తు కుప్ప పడ్డాయి. అంతవరకూ ఏ బల్ల దగ్గరా అంత కుప్ప ఎవరూ చూడలేదు. మేస్త్రీని పిలిచాను. ఆ ప్రాంతంలో మర్యాద తెలిసిన ఇళ్ళలో అత్త అల్లుడి ఎదురుగా కూర్చోదనీ, అతనితో నేరుగా మాట్లాడదనీ, అతనూ ఆమె మొహం వంక చూడడనీ అప్పుడు చెప్పాడు. ఆమెకు బీట కనబడుతూనే ఉంది. కానీ అల్లుణ్ణి "ఆపు" అనడానికి నోరు రాదు. ఆ ఇంట్లో ఆ మాట ఏ అత్తా ఏ అల్లుణ్ణీ అని ఎరుగదు.

"ఈ ముక్క ముందే చెప్పొద్దా?" అన్నాను.

"మీకు తెలవదని ఎట్ల అనుకుంటాం సార్? చదువుకున్నోళ్ళు గదా. కావాలనే పెట్టినారనుకున్నాం. మోటారు మిషను వస్తాదంట, సగం మందిని తోలేస్తారంట. ఊరికే తోలేస్తే గొడవయితదని, ఇట్ల సిగ్గు తీసి వాళ్ళంతట వాళ్ళే పొయ్యేటట్టు చేస్తన్నారని షెడ్డంతా అదే మాట."

మోటారు మిషను ఊసు షావుకారు ఎప్పుడో బజారులో గొప్పకు అన్నది. నేను దాని మొహం కూడా చూడలేదు. ఇక్కడొక మాట చెప్పాలి. మనుషుల్ని పనికి సర్దేటప్పుడు ఎవరికి ఏ పని వచ్చో అందరం చూస్తాం. ఎవరు ఎవర్ని నిర్భయంగా తిట్టగలరో కూడా చూడాలి. "ఒరే, తప్పు చేస్తన్నావు" అని అప్పటికప్పుడు అనలేని ఇద్దరిని పక్కపక్కన పెడితే, వాళ్ళు ఎంత మొనగాళ్ళయితే అంత పెద్ద కుప్ప తయారవుతుంది. ఇది మా పేపర్లో లేదు. ఉంటే ఆ ప్రశ్న వదిలేసి ఉండేవాణ్ణి.

బల్ల మార్చడం నా చేతిలో పనే. కానీ ఆలోపే షావుకారు కుప్పను చూశాడు.

"ఆయమ్మను అనేదానికి లేదు, ఆమె చెవి మనకు కావాలి. ఆ అల్లుణ్ణి పంపించెయ్."

"తప్పు అతనిది కాదండీ, నేను సర్దిన పద్ధతిది."

"నిన్ను పంపిస్తే మళ్ళా గుంటూరు దాకా పోయి ఇంగొకణ్ణి ఏడ తెచ్చేది? తొక్కేవాడయితే ఈన్నే దొరుకుతాడు."

"విచారణ లేకుండా ఎవర్నీ తీసెయ్యకూడదండీ."

"నీకు జీతమిచ్చేది పలకలకా, విచారణకా?"

"రెండిటికీనండీ."

ఆయన నిట్టూర్చి, "సరే, చెయ్. నేనూ కూర్చుంటా. బో కాలమయింది నాటకం చూసి," అన్నాడు.

అల్లుడికి పోయేది జీతం ఒక్కటే కాదు. భార్య కడుపుతో ఉంది. పని పోతే ఆమెను తీసుకుని మళ్ళీ దోర్నాల పక్కకు, అన్నల గొర్రెల దగ్గరికే పోవాలి. ఇల్లరికం పోయి తిరిగొచ్చినవాణ్ణి అన్నలు ఏమంటారో చెప్పక్కర్లేదు. ఇక్కడ అత్తకు ఉన్నది ఒక్క కూతురు. అందుకే ఆ సాయంత్రం ఎవరూ ఇంటికి పోలేదు. ఆఫీసు గది కిటికీల నిండా తలకాయలే.

షావుకారు నా కుర్చీలో కూర్చున్నాడు. నేను నిలబడ్డాను. అల్లుడు గోడ మూల తల దించుకుని నిలబడ్డాడు. సాక్షిగా అత్తను పిలిచాను. ఆమె గుమ్మం దాకా వచ్చి, లోపల అల్లుడు ఉన్నాడని తెలిసి బయటే ఆగిపోయింది.

"లోపలికి రామ్మా," అన్నాను.

"అల్లుడు ఉన్నాడు," అని గోడకు చెప్పింది.

"సాక్షి చెప్పేది అతను వినాలమ్మా. పద్ధతి."

"అల్లుడి ముందర పరాయి మొగోడితో మాట్లాడేది మా పద్ధతి కాదు."

రెండు పద్ధతులూ గుమ్మంలో ఎదురుబొదురుగా నిలబడిపోయాయి. షావుకారు తొడ గోక్కున్నాడు. మేస్త్రీ గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"పరాయోడు కాకుంటే మాట్లాడతావా వదినే?"

"మాట్లాడతా. ఏమయితాడో చెప్పమను."

అందరూ నా వైపు తిరిగారు. సార్ అన్న మాట అక్కడ ఎందుకూ పనికిరాలేదు. గబగబా ఆలోచించాను. తమ్ముణ్ణి అందామంటే వయసు కుదరదు. మరిదిని అందామంటే ఏవో వేళాకోళాలుంటాయని విన్నాను, భయం వేసింది. కొడుకు అయితే గౌరవంగా ఉంటుంది, ఖర్చూ ఉండదు.

"కొడుకులాంటివాణ్ణమ్మా."

"లాంటోడూ గీంటోడూ కాదు. కొడుకువా, కాదా?"

"కొడుకునే."

మేస్త్రీ చటుక్కున గోడ వైపు తిరిగాడు. అతని భుజాలు ఊగుతున్నాయి. కిటికీల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. దేనికో నాకు అర్థం కాలేదు.

ఆమె కొంగు సర్దుకుని లోపలికి వచ్చింది. అల్లుడికి వీపు పెట్టి, నాకు ఎదురుగా నిలబడి, నడుము మీద చెయ్యేసింది. రోజుల తరబడి మూసుకున్న నోరు తెరుచుకుంది.

"అయితే నాయనా, నీ బావను కూటికి లేకుండా చేస్తన్నావంట గదా?"

అప్పుడు లెక్క తగిలింది నాకు. ఆమెకు కొడుకునంటే ఆమె కూతురు నా చెల్లెలు. చెల్లెలి మొగుడు నాకు బావ. పైగా మేస్త్రీ నాకు చిన్నాయన. ఒక్క మాటతో ఫ్యాక్టరీలో అందరికంటే చిన్నవాణ్ణి అయిపోయాను.

"అది కాదమ్మా, విచారణలో..."

"ఏంది అది కాదు? నీ చెల్లెలు కడుపుతో ఉంది. నీ బావ పోతే అదీ పోతది, అడివి పక్క గొర్రెల ఎంట. ఆడ పురుడెవరు పోస్తారు? నువ్వు పోస్తావా?"

కిటికీలు గొల్లుమన్నాయి.

"అది పోతే నేనూ పోతా. ఇంగ పలకలెవరు తట్టి చూస్తారు? షావుకారు గారు తట్టి చూస్తారా?"

షావుకారు నవ్వబోయి ఆగాడు. మాట ఆయన సరుకును తాకింది మరి.

"బీట నాకు కనపడింది. నోరు తెరవలేదు. తప్పు నాదని రాసుకో," అందామె.

గోడ మూల నుంచి అల్లుడు, నేల వంక చూస్తూనే, "తప్పు వాళ్ళది కాదని చెప్పండి. నేను తలకాయ ఎత్తి రాయి చూసినా తెలిసేది. ఎత్తలేదు. నాదే," అన్నాడు.

నా పేపరు ప్రకారం ఒక తప్పుకు ఒక ముద్దాయి ఉండాలి. నాకు ఇద్దరు వచ్చారు, ఇద్దరూ పోటీ పడి ఒప్పుకుంటున్నారు.

షావుకారు కుర్చీలో ముందుకు వంగాడు. "మేనేజరూ, ఇది ఇప్పుడు మీ ఇంటి యవ్వారం అయింది. మీ బావను నువ్వే తీసెయ్. నాకెందుకు పాపం?"

"చెల్లెలి మొగుణ్ణి ఎవరైనా తీసేస్తారాండీ?"

ఈ మాట నా నోటి నుంచి వచ్చినప్పుడు అందరికంటే ఆశ్చర్యపోయింది నేనే. ఆమె మాత్రం ఆశ్చర్యపోలేదు. కొంగు దులిపి, పని అయిపోయినదానిలా బయటికి నడిచింది.

"మరి ఆ కుప్ప మాటేంది?" అన్నాడు షావుకారు.

"పాత మనుషుల్ని పాత బల్లల మీద కూర్చోబెడతాను. రేపు చూడండి."

"చూస్తా. మళ్ళా పగిలితే నిన్నూ నీ బావనూ ఒకే బస్సెక్కిస్తా. ఒకడు దోర్నాలలో దిగుతాడు, ఒకడు ఏడ దిగుతాడో నాకు తెలవదు."

మర్నాడు పొద్దున బల్లలన్నీ పాతవాళ్ళతో నిండాయి. ఆమె తన చోట తట్టుకుంటూ కూర్చుంది. ఒక్క చోటు మాత్రం ఖాళీ. మేస్త్రీ కొడుకు గిద్దలూరులో ఏదో పెళ్ళికి పోయాడు. వాడికి సెలవు ఇచ్చింది నేనే, ముందు వారం, చాలా పద్ధతిగా. రేకు పట్టుకునేవాడు లేక అల్లుడు ఊరికే కూర్చున్నాడు. గుమ్మంలో షావుకారు నిలబడ్డాడు.

"చిన్నాయనా, ఎవర్నయినా పెట్టు," అన్నాను మేస్త్రీతో. ఆ పిలుపు నా నోట్లోంచే వచ్చింది.

"ఎవరున్నారు నాయనా? వాని వరసకు బామ్మర్ది కావాల. ఈ షెడ్డులో ఇంగొకడు నువ్వే."

ప్యాంటు మడిచి కూర్చున్నాను. మేనేజరుగా నేను రిటైరయింది ఆ క్షణానే. అల్లుడు తల ఎత్తి, నేను ఆ ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచి మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు.

"ఏం బామ్మర్దీ, చేతులు నొచ్చుకుంటాయేమో? మెత్తటి చేతులు. మా చెల్లెండ్లకు గూడ ఇట్లాంటివి లేవు."

షెడ్డు నవ్వింది. రేకు తిప్పాను. అంచు దగ్గర వెంట్రుకంత గీత కనబడింది. "కొంచెం ఆపుతారా," అన్నాను. ఆ వాక్యం పూర్తయ్యేలోగా కత్తి దిగిపోయింది. రేకు రెండయి కింద పడింది. గుమ్మంలో షావుకారు చేతులు కట్టుకున్నాడు.

"ఏంది బామ్మర్దీ, పెండ్లికి పిలుస్తన్నావా?" అన్నాడు అల్లుడు. నవ్వుతూనే అన్నాడు కానీ పెదాలు పాలిపోయాయి. బస్సు వాడికీ కనబడుతోంది.

ఇంకో రేకు పెట్టాను. తిప్పాను. బాగుంది, తెగింది. ఇంకోటీ తెగింది. నాలుగో దాంట్లో మళ్ళీ గీత కనబడింది, నడిమధ్యకు పాకుతోంది. వాడి కాలు అప్పటికే కిందికి పోతోంది.

"ఆపరా బావా! కండ్లు నెత్తి మీద పెట్టుకున్నావా, గొర్రెల కాపరి మొహమా!"

కాలు గాల్లో ఆగింది. కత్తి రేకుకు పైనే నిలబడింది. ఇంతకుముందు నేను ఎవర్నీ అలా తిట్టి ఎరగను. అల్లుడు కాలు మెల్లగా వెనక్కి తీసుకుని, బీట ఉన్న రేకును నా చేతుల్లోంచి లాగి పక్కన పడేసి, వెనక్కి వాలి పడీ పడీ నవ్వాడు. షావుకారు బస్సు ఊసెత్తకుండా చెప్పులు తొడుక్కుని బజారు వైపు వెళ్ళిపోయాడు.

షెడ్డు చివర నుంచి, చేతిలో పలక అలాగే పట్టుకుని, అల్లుడికి వినబడేటంత గట్టిగా, కానీ ఎవరితోనూ కాదన్నట్టు ఆమె అంది:

"ఇప్పుడు పుట్టినాడు నా కొడుకు."